నాయన మగ్గం, బావ క్లారినెట్టు

మా మనవరాలి ఇంట్లో బట్టలుతికే మిషనుకు కాలు ఒకటి పొట్టిదైంది. బట్టలు పిండే వేళకు అది ఒక పక్కకు ఒరిగి, ఒక దెబ్బ వేళకూ, రెండో దెబ్బ కాస్త ఆలస్యంగానూ వేస్తోంది. మనవరాలు విసుక్కుని మెకానిక్కుకు ఫోను చేయబోతే, రెండ్రోజులు ఆగమన్నాను. ఆ పిల్ల నా వంక అదోలా చూసింది. ఎనభై దాటిన ముసలామె మిషను ముందర కుర్చీ వేసుకుని కచేరీకి వచ్చినట్టు కూర్చుంటే ఎవరైనా అలాగే చూస్తారు. నా వేళ్లు మాత్రం అప్పటికే కుర్చీ చేతి మీద ఆ దెబ్బలు వేస్తున్నాయి. ఆలస్యంగా వచ్చే ఆ రెండో దెబ్బ మా నాయనది.

మా పుట్టినిల్లు ఎమ్మిగనూరు. వీధిలో ఏ గడపలోకి తొంగి చూసినా గుంటలో కాళ్లు పెట్టి తొక్కే గుంటమగ్గమే. ఏ ఇద్దరి మగ్గమూ ఒకేలా పలకదు కాబట్టి, కళ్లు మూసుకుని నడిచినా ఎవరి ఇంటి ముందున్నామో చెప్పగలిగేవాళ్లం. నాయనకు చిన్నతనంలో మోకాలికి దెబ్బ తగిలి ఎడమకాలు మొండికేసేది. అందుకని ఆయన మగ్గం ఒకసారి వేళకు పలికి, మరోసారి రెప్పపాటు ఆగి పలికేది. చీరలో మాత్రం ఎక్కడా వంక కనిపించేది కాదు. ఆ మగ్గం మీద ఇంకొకరు కూర్చోవడానికి లేదు. పరాయి కాలు పడితే నేత చెడిపోతుందని ఆయన గట్టి నమ్మకం. మా అమ్మ కూడా దుమ్ము దులపడానికి తప్ప దాని దగ్గరికి పోయేది కాదు.

బావ మా మేనత్త కొడుకు, తర్వాత మా ఇంటాయన. ఆదోనిలో దూది ప్రెస్సులో ఫిట్టరు పని. సాయంత్రమైతే పెళ్లి బ్యాండులో క్లారినెట్టు. చిన్నప్పుడు నేత నేర్చుకోమని నాయన దగ్గర వదిలిపెడితే, కొన్నాళ్లు కూర్చుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆదోని బస్సెక్కేశాడు. అది నాయన మరిచిపోలేదు. పిల్లనడగడానికి మేనత్త వచ్చినప్పుడు, "మగ్గం యిడిసిపెట్టి పీపీ పట్టుకున్నోనికి నా బిడ్డనిస్తానా?" అన్నాడు. మేనత్త అన్న ముందర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుని, పెళ్లయితే బ్యాండు మానేస్తాడని మాటిచ్చింది. మాటిచ్చింది తల్లి, కొడుకును ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడ వచ్చింది. నా కాళ్ల పసుపు ఆరకముందే బావ ఎవరిదో పెళ్లిలో ఊదుతున్నాడని ఎమ్మిగనూరుకు కబురు పోయింది. "కూతురు రావచ్చు, పోవచ్చు. ఆ పీపీ నా గడప తొక్కేదానికి లేదు" అన్నాడు నాయన. "పీపీ రాని సోటికి నేనూ రాను" అన్నాడు బావ. మేనమామ, మేనల్లుడు. మొండితనంలో ఎవరు ఎవరి పోలికో నేను చెప్పలేను.

ఆదోని అప్పుడే బళ్లారి జిల్లా వదిలి ఆంధ్రలోకి వచ్చింది. మా అద్దె ఇల్లు జిన్నింగు మిల్లు వెనక. దూది సీజనులో నూగు ఎగిరొచ్చి అన్నంలో కూడా పడేది. అత్త దాన్ని తీసి పారేస్తూ మిల్లు యజమానిని ఏడుతరాలు తిట్టేది. ఆ ఇంట్లోకే బావ జాజు అనే దొరల సంగీతాన్ని తెచ్చాడు. గుంతకల్లు రైల్వే క్లబ్బులో క్రిస్మస్ డాన్సులకు వాయించేవాళ్లలో ఒకరు జ్వరంతో పడితే, ఎవరో బావ పేరు చెప్పి పిలిపించారు. వెళ్లినప్పుడు మామూలు మనిషి. తిరిగొచ్చాక కంచంలో అన్నం చల్లారిపోతున్నా గాల్లోకి చూస్తూ కూర్చునేవాడు. అదేం పాట అని అడిగితే, "ఇంట్లో అందరం కూసోని మాట్లాడినట్ల ఉంటాది. మొదట అందరూ ఒకటే మాట అంటారు. ఆమీద ఒకరెనకాల ఒకరు ఎవరికి తోచింది వాళ్లు సెప్తారు. కడాకు మళ్ల అందరూ ఆ మాట కాడికే వస్తారు" అన్నాడు. మా అత్తగారింట్లో అందరూ ఒకేసారి మాట్లాడటమే అలవాటు, అయినా నాకు అర్థమైంది.

అప్పటి నుంచి సొంత పాటలు కట్టడం మొదలైంది. దేవుడి మీదా కాదు, చందమామ మీదా కాదు. ఇంట్లో మనుషుల మీద. మొదటిది వాళ్లమ్మది. పై స్థాయిలో గయ్‌మని మొదలై, మెట్లు మెట్లుగా దిగి, చివరికి గిన్నెలో మజ్జిగ పోసినంత మెత్తగా ఆగేది. అత్త విని, "నేనింత గట్టిగా అరుస్తానా?" అని వీధి చివరికి వినిపించేటట్టు అరిచింది. ఆ తర్వాత ఎవరు ఇంటికొచ్చినా, "రేయ్, నా పాట ఊదు" అని తనే అడిగేది. తన చెల్లెలికొకటి, ఎదురింట్లో ఉండే డ్రమ్ము భాయికొకటి. భాయి బ్యాండులో డ్రమ్ము వాయించే పెద్దాయన, బావకు అన్నలాంటివాడు. నా వంతు మాత్రం రాలేదు. అడిగితే, "నీది ఇంకా దొరకలేదు" అనేవాడు. పక్కింటి మేకకు కూడా పాట కట్టిన మనిషికి కట్టుకున్న పెళ్లాం దొరకలేదంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంతలో నాకు ఏడో నెల వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. అమ్మ రోజూ కబురు పెడుతోంది. బావ కాలు పెట్టని ఇంట్లో నేను పురుడు పోసుకోనని పంతం పట్టాను. పైకి పంతమే కానీ లోపల భయం. అత్తకు రాత్రిపూట చూపు ఆనదు. నాకు అమ్మ కావాలి, ఆ ఇల్లు కావాలి, బావ పక్కన కావాలి. ఈ మూడూ ఒక్కచోట ఎలా కుదురుతాయో తెలియక వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని.

ఒకరోజు పొద్దున బావ వచ్చి, "ఏమే, నిద్దట్లో నా సెయ్యి మీద వేలితో కొడతాంటావే, ఆ తాళం యాడిది?" అన్నాడు. నాకేం తెలుసు? కొట్టి చూపించమన్నాను. చూపించాడు. వేళకొకటి, ఆగి ఒకటి. పుట్టినప్పటి నుంచి నేను నిద్రపోయింది ఆ చప్పుడులోనే. ఆదోనిలో అది లేక, నా వేళ్లే దాన్ని తయారుచేసుకుంటున్నాయి కాబోలు. "అది మా నాయన మగ్గం బావా" అన్నాను. బావ గడప మీద అదే తాళం మళ్లీ కొట్టి చూశాడు. తర్వాత, "నీ పాట నీ కాడ ఎతుకుతాండాను. ఆడుందా అది!" అన్నాడు.

పాట కట్టడం ఒక ఎత్తు, భాయి చేత తాళం వేయించడం ఒక ఎత్తు. ఆయన జీవితమంతా పెళ్లికొడుకుల్ని సమంగా నడిపించిన మనిషి. ఆలస్యంగా పడాల్సిన దెబ్బను పాపం అనుకుని సరిదిద్దేసేవాడు. "ఇది కుంటి తాళమమ్మా, జనం నవ్వుతారు" అన్నాడు. "కుంటిది కాదు భాయ్, మా నాయనది" అని చేట బోర్లించి నేనే కొట్టి చూపించాను. కడుపులో బిడ్డ కూడా ఒక తన్ను తన్నింది. భాయి కళ్లు మూసుకుని విన్నాడు. డ్రమ్ము తోలు వదిలేసి, చుట్టూ ఉన్న కొయ్య అంచు మీద పుల్లలతో కొట్టాడు. మగ్గం పలికింది.

కొన్నాళ్లకు ఎమ్మిగనూరులో మా వీధిలోనే పెళ్లి. మగపెళ్లివాళ్లు ఆదోని వాళ్లు కాబట్టి బ్యాండు బావ వాళ్లదే. నేను ముందురోజే అమ్మ దగ్గరికి వెళ్లాను, పెళ్లి కాగానే బ్యాండువాళ్లతో తిరిగిపోతానని చెప్పి మరీ. మా వైపు పెళ్లి మెరవణి ఊరేగుతూ పోయేటప్పుడు పెద్దల గడప ముందర ఆగి ఒక పాట వాయిస్తారు, ఆ ఇంటివాళ్లు బయటికొచ్చి టెంకాయ కొడతారు. నాయన ముందే కబురు పంపాడు: "నా గడప కాడ ఆగొద్దండి."

పెళ్లని ఆ సాయంత్రం వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. నాయన పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. వీధి మలుపులో బ్యాండు ఒక్కసారిగా సద్దుమణిగి, భాయి పుల్లలు మాత్రం మొదలయ్యాయి. వేళకొకటి, ఆగి ఒకటి. పెరట్లో చెంబు కింద పడిన చప్పుడు. నాయన తడికాళ్లతో, ఆ మొండికాలు ఈడ్చుకుంటూ, ఎన్నడూ లేని వేగంతో లోపలికి వచ్చాడు.

"ఎవడ్రా నా మగ్గం మీద కూసున్నోడు?"

మగ్గం ఖాళీగా ఉంది. పోగు మోసే నాడె వదిలిన చోటే ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు, వీధిలో నుంచి దగ్గరికి వస్తోంది. నాయన ఖాళీ మగ్గాన్నీ, తలుపునూ, నన్నూ చూశాడు. అప్పుడు క్లారినెట్టు అందుకుంది. చిన్నపిల్ల నిద్రకు జోగుతూ ఏదో అడుగుతున్నట్టు, మగ్గం దానికి జవాబు చెబుతున్నట్టు. నేను వెక్కివెక్కి ఏడుస్తున్నాను. నాయన గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. తన చప్పుడు తను బయటి నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. మగ్గం మీద ఉన్నవాడికి అది అలా వినిపించదు కదా.

బ్యాండు నాయన చెప్పిన మాట ప్రకారం ఆగకుండా మా గడప దాటబోయింది. నాయన గుమ్మంలోకి వచ్చి చెయ్యెత్తాడు. "రేయ్, ఆడ ఆఖరి దెబ్బ తొందరగా ఏయించినావు. నేనట్ల కొట్టను."

బావ క్లారినెట్టు దించాడు. "ఎట్ల కొడతావు మామా?"

"నడిబజార్లో సెప్పేదా? లోపలికి రా, సూపిస్తా." క్లారినెట్టు వైపు గడ్డంతో చూపి, "దాన్ని గూడ తీసుకురా" అన్నాడు. వెనక్కి తిరిగి, "టెంకాయ యాడుందే?" అని అమ్మను కేకేశాడు. అమ్మ తలుపు వెనక నుంచి టెంకాయ తీసి ఇచ్చింది. పొద్దుటి నుంచి దాన్ని అక్కడ దాచి ఉంచిందట.

నా కూతురు ఆ ఇంట్లోనే పుట్టింది. పురిటిగది గోడకు అవతల మగ్గం, దాని పక్కన బావ. ఆఖరి దెబ్బ గురించి వాళ్లిద్దరూ బతికినన్నాళ్లూ వాదించుకుంటూనే ఉన్నారు.

నిన్న మెకానిక్కు వచ్చి మిషను కాలు సరిచేసి పోయాడు. ఇప్పుడది గడియారంలా సమంగా కొట్టుకుంటోంది, మనవరాలికి సంతోషం. రాత్రి పడుకుంటే నా వేళ్లు మళ్లీ మంచం కోడు మీద మొదలుపెట్టాయి. కాలం ఎవరికోసమూ ఆగదంటారు కానీ, మా నాయన ఎడమకాలి కోసం అది ప్రతిసారీ ఒక రెప్పపాటు ఆగడం నేను విన్నాను, ఇంకా వింటూనే ఉన్నాను.