తోమిన కార్డు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజోలులో నాకొక సెల్‌ఫోన్ల కొట్టు ఉండేది. రోజంతా ఒకటే పని. జనం తెచ్చిన రీఛార్జి కార్డు మీది వెండి పూతను గోటితో గీకడం, కింద కనబడే పదహారు అంకెల్ని వాళ్ల ఫోనులో నొక్కడం. సాయంత్రానికి అంకెలు అలుక్కుపోయి కనబడేవి.

ఒకరోజు ఆ విసుగంతా మస్కట్‌లో భర్త ఉన్న ఒకావిడ మీద చూపించాను. "గోరు మండిపోతోందమ్మా. ఈసారి ఇంటి దగ్గరే గీక్కుని రండి!"

"ఆయ్, అలాగేనండి," అని వెళ్లిపోయింది.

తరువాతి నెల ఆవిడ తెచ్చిన కార్డు మీద పూతా లేదు, అంకెలూ లేవు. తెల్లగా మెరిసిపోతోంది.

"దేంతో గీకేరమ్మా?"

"కొబ్బరి పీచుతోనండి. గిన్నెలు తోముకున్నట్టే తోమేను."

"ఇదేమైనా ఇత్తడి బిందా? కార్డు పాడైపోయింది. ఎప్పటిలాగే నా దగ్గరికి తెస్తే ఏం పోయింది?" అని అరిచాను.

ఆవిడ కార్డు వంక కాదు, నా చేతి వంక చూసింది.

"గోరు మంట తగ్గిందాండీ?"