ఎడమ స్పీకరు మీద సొట్ట

మా చిన్నప్పుడు... ఏలూరులో మా హాల్లో గోడకి ఆనించి రెండు చెక్క స్పీకర్లు ఉండేవి. మోకాలెత్తు పెట్టెలు, ముందు నల్లగుడ్డ బిగించిన చట్రాలు. నాన్న వాటిని దుప్పట్లలో చుట్టి, బస్సు మీద వేయించి బెజవాడ నుంచి తెచ్చారు. మాకు ఒక్కటే ఆంక్ష... చూడటమే గానీ చెయ్యి వేయకూడదు.

ఆదివారం సాయంత్రం ఆ చట్రాలు ఊడదీసి, మెత్తటి బట్టతో దుమ్ము తుడిచి, రికార్డు పెట్టేవారు. లోపలి కాగితం గరాటు పాటకి తగ్గట్టు కదిలేది. దాని మధ్యలో సగానికి కోసిన బత్తాయంత నల్లటి బుడిపె... అదీ వణికేది.

ఆ వేళకి కరుణ వచ్చేది. మా వెనక వాటాలో అద్దెకుండే టీచరు గారి అమ్మాయి, నా ఈడుదే. చర్చికి వేసుకున్న గౌనుతోనే వచ్చి, గడప పక్కన చాప మీద కూర్చుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని వినేది. "దేన్నైనా ముట్టుకున్నావంటే వీపు విమానం మోత మోగుద్ది" అని వాళ్ళమ్మ చెప్పి పంపేదట.

నాకు అలాంటి భయం లేదు. ఓ ఆదివారం నాన్న చట్రాలు తీశాక ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్ళారు. హాల్లో నేనొక్కదాన్నే. ఎడమ స్పీకరు బుడిపెని చూపుడు వేలితో నొక్కాను. పొంగిన పూరీని నొక్కినట్టు... ఎంత సరదాగా ఉందో! లోపలికి పోయింది. మళ్ళీ పైకి రాలేదు.

నాన్న తిరిగొచ్చేసరికి కరుణ వచ్చి చాప మీద కూర్చుని ఉంది. "ఎవరమ్మా ఇది చేసింది?" అన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. నేను నోరు విప్పలేదు... కరుణ వైపు చూశాను. అంతే. నేనేమీ అబద్ధం చెప్పలేదుగా అని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

నాన్న వెనక వాటా గుమ్మం దగ్గరికి వెళ్ళి, "ఏవండీ టీచరు గారూ, చిన్నపిల్ల, తెలీక చేసుంటుంది లెండి. కాకపోతే ఇకమీదట హాల్లోకి పంపకండేం" అన్నారు, ఎంతో మర్యాదగా.

"తప్పయిపోయిందండీ... ఇక రాదండీ" అంది ఆవిడ.

తలుపు వేసుకున్నాక దెబ్బలు వినిపించాయి. "నేను కాదమ్మా... నేను కాదు" అని కరుణ ఏడుపు. నేను లెక్కలు చేసుకుంటున్నట్టు పుస్తకంలో తల దూర్చేశాను.

ఆ తర్వాత ఆదివారాలు పెరటి మెట్టు మీద కూర్చుని వినేది. వేసవి సెలవుల్లో వాళ్ళు కైకలూరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు నాకు పాత స్పీకర్ల పిచ్చి పట్టింది. పాటలు వినడానికని మేడ మీద ఓ గది సిద్ధం చేసుకున్నాను... మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా, మధ్యలో ఒకే ఒక్క కుర్చీ. నాన్న ఎప్పుడో తాడేపల్లిగూడెం స్నేహితుడికి ఇచ్చేసిన ఆ పెట్టెలు ఇంకా వాళ్ళ అటక మీదే ఉన్నాయని తెలిసి, బతిమాలి కొనుక్కొచ్చాను.

పాత సెట్లు బాగుచేసే సత్యం గారికి అప్పగించాను. గరాటు చుట్టూ ఉన్న స్పాంజి పట్టుకుంటే పొడైపోయింది. కొత్తది అతికించారు, కెపాసిటర్లు మార్చారు, చెక్కకి పాలిష్ పట్టించారు. చివర్లో ఆ సొట్ట చూపించి నవ్వారు.

"ఇది చిన్నపిల్లల వేలండీ. ఏ ఇంటి స్పీకరు విప్పినా ఇదే గొడవండీ. కొత్త బుడిపె వేసేస్తే ఇక తెలీదండి. వేసేయమంటారా?"

ఇక తెలీదండి... ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. వద్దన్నాను.

పాత క్లాసు పిల్లల గ్రూపులో అడిగి కరుణ నంబరు సంపాదించాను. తనూ ఇప్పుడు టీచరే. ఓ ఆదివారం చర్చి అయ్యాక కైకలూరు నుంచి వచ్చింది, క్యారేజీలో చేపల పులుసుతో. "నీకిష్టం కదే!" అంటూ. నాకింకా సిగ్గేసింది.

ఆ ఒక్క కుర్చీలో తనని కూర్చోబెట్టి పాట పెట్టాను. అయ్యాక చెప్పేశాను, ఆ రోజు నొక్కింది నేనేనని.

"నాకప్పుడే తెలుసే. హాల్లో ఇంకెవరున్నారు?" అంది. "మా అమ్మే... పోయేదాకా నేనే చేశాననుకుంది" అంది.

కరుణ ఆ సొట్ట వంకే చూస్తోంది. "నొక్కితే ఎలా ఉంటుందే?" అని అడిగింది.

"కుడివైపుది బాగానే ఉంది... నొక్కి చూడు" అన్నాను. లేచి వెళ్ళి చెయ్యి చాపింది. బుడిపె దాకా వెళ్ళిన వేలు ఆగిపోయింది.

"వద్దులేవే... మళ్ళీ నేనే అంటారు" అని నవ్వుతూ చేతులు వెనక్కి పెట్టేసుకుంది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఆ గదిలో రెండు కుర్చీలున్నాయి. అప్పట్లో తను వస్తానంటే మేం వద్దన్నాం... ఇప్పుడు నేను రమ్మంటే "వీలు చూసుకుని వస్తాలే" అంటోంది.

మీ బదులు దెబ్బలు తిన్నవాళ్ళు మీ చిన్నప్పుడూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు... కింద రాయండి. కానీ ఇక్కడ రాసే ముందు వాళ్ళకి చెప్పండి. వాళ్ళ అమ్మలు ఉండగానే చెప్పండి.