షబానా కోసం కడప బస్సెక్కిన మా దేవదానం

నిన్న పొద్దున దేవదానం బామ్మర్ది ఫోన్ చేశాడు.

"అన్నా, మా బావ ల్యాడన్నా. ఓర్వకల్లులో బస్సెక్కబోతా పడిపోయినాడు. ఆస్పత్రికి తీస్కపోయేలోపే అయిపోయింది."

ఎవరి బావ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

మొన్ననే మాట్లాడిన మనిషి. నలభై కూడా నిండలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

మేం దేవా అని పిలిచేవాళ్లం. వాడిది కోయిలకుంట్ల. కడపలో ఇంజనీరింగ్ కలిసి చదివాం. తర్వాత ఒకే సైబర్ సెక్యూరిటీ కంపెనీలో చేరాం. నేను సేల్స్, వాడు సెర్చ్ క్వాలిటీ ఇంజనీర్.

అంటే ఏం పని అని చాలామంది అడిగేవారు.

ఏ ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో కంప్యూటర్‌లో అనుమానంగా ఒక ఫైలు కనబడుతుంది. దాని పేరు మా సెర్చ్‌లో కొట్టి చూస్తారు. ప్రమాదకరమైనదైతే హెచ్చరిక రావాలి. సరిగ్గా వస్తోందా లేదా అని చూడటమే వాడి పని.

కొత్త వెర్షన్ విడుదలకు ముందు వాడొక లోపం పట్టాడు. ఫైలు పేరు మధ్యలో ఉండే చిన్న గీత వదిలేసి టైప్ చేస్తే "ఫలితాలు లేవు" అని వస్తోంది.

తర్వాత సరిచేద్దాం అన్నాడు మేనేజర్. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. దేవా లేచి నిలబడ్డాడు.

"ఏమీ రాకపోతే ప్రమాదం ల్యాదనుకుంటారు సార్. మనకు దొరకకపోవడం వేరు, ప్రమాదం ల్యాకపోవడం వేరు."

విడుదల ఆగలేదు.

కడపలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి షబానా. ఒక ఫైలు మీద అనుమానం వచ్చి మా సెర్చ్‌లో వెతికింది. గీత పెట్టలేదు.

ఏమీ రాలేదు. సరేననుకుంది.

మర్నాటికి ఆ ఫైలు దెబ్బకు ఆస్పత్రి కంప్యూటర్లన్నీ లాక్ అయిపోయాయి. రిపోర్టులు తెరుచుకోక రోగులు వరండాలోనే కూర్చుండిపోయారు.

అసలు వెతకనేలేదు, అబద్ధం చెబుతోంది అంటూ షబానాను ఉద్యోగంలోంచి తీసేయబోయారు.

సంగతి తెలియగానే దేవా కడప బయలుదేరాడు. వెళ్లొద్దని కంపెనీ గట్టిగా చెప్పింది. ఉద్యోగం పోతుందిరా అని నేనూ అన్నాను.

"పోతే పోనీలేప్పా. ఆ పాప వెతికింది. మన దాంట్లో దొరకల్యా. ఆ మాట ఎవరో ఒకరు చెప్పల్ల గదా!"

ఆస్పత్రి వాళ్ల ముందు కూర్చుని, వాళ్ల కంప్యూటర్‌లోనే గీత పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొట్టి చూపించాడు. తప్పు మాది అని చెప్పాడు.

షబానా ఉద్యోగం నిలబడింది.

దేవాను మాత్రం మా కంపెనీ టీమ్ నుంచి తప్పించింది. కొన్నాళ్లకు వాడే మానేసి కర్నూలులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాడు.

కానీ మనిషి మునుపటిలా లేడు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు.

"అట్లనే వెతికి, ఏమీ రాక వదిలేసినోళ్లు ఇంకా యాడాడ ఉండారో!" అనేవాడు.



ఆ దిగులే వాణ్ణి తీసుకుపోయిందని గ్రూపుల్లో రాస్తున్నారు. నాకు తెలియదు. మీకూ తెలియదు. దయచేసి రాయకండి. అవన్నీ వాడి కూతురు చదువుతోంది.

ఈరోజు కోయిలకుంట్లలో సమాధి కార్యక్రమం అయ్యాక, వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మావాడు ఏం పని చేస్తాండెనో నాకు ఎప్పుడూ అర్థం కాల్యా నాయినా. మంచి పనేనా?"

నేను నోరు తెరిచేలోపు, వెనక నిలబడిన ఒక అమ్మాయి ముందుకొచ్చి ఆమె పక్కన కింద కూర్చుంది. కడప నుంచి వచ్చిందట. షబానా.

"శానా మంచి పనమ్మా," అంది. ఏడ్చేసింది.

వెళ్లిరా దేవా. నువ్వు నమ్ముకున్న ప్రభువు దగ్గరైనా నీ మనసు కుదుటపడాలి.