చెరువు నీళ్ళు, ఆయన నీళ్ళు

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువుంది. మావారు రోజూ చెరువు నీళ్ళు పరీక్ష చేస్తారు గానీ, ఎండలో గట్టు మీద పూటంతా తిరిగినా తాను గుక్కెడు నీళ్ళు తాగేవారు కాదు. పోయిన వేసవిలో, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూద్దామని చెరువులోంచి మేత ట్రే పైకి లాగుతుంటే తాడు ఆయన చేతిలోంచి జారిపోయింది. చూస్తే మూతి వంకర తిరిగింది. "ఏంటండీ, ఏమైందండీ?" అని అరిస్తే, మాట ముద్దగా వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రికి చేరేసరికి మూతి సర్దుకుంది. స్కానింగు చూసి డాక్టరుగారు, "గండం గడిచిందమ్మా. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడింది. అశ్రద్ధ చేస్తే పక్షవాతమే" అన్నారు.

అప్పుడు మావారు, "చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయా?" అన్నారు. రొయ్యలకి గాలి అందించే ఆ మరల మీదే ఆయన ధ్యాస. మాట స్పష్టంగా ఉంది! ఏడుస్తూనే నవ్వేశాను.

ఇప్పుడు చెరువు నీళ్ళు ఆయన చూస్తారు. ఆయన సీసాలో నీళ్ళు ఎంత తగ్గాయో నేను చూస్తాను.