మా అత్తగారి పేరు

మొన్న మా అమ్మాయి పెళ్లి పత్రికలు అచ్చువేయించడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే, ఆ దుకాణదారు పెళ్లికూతురి పేరు చూసి ముఖం అదోలా పెట్టి, ఎల్లమ్మ అంటే మరీ పాతగా ఉంది, ఇంకేదైనా ముద్దుపేరు ఉంటే వేద్దామన్నాడు. ఇంటికొచ్చినా నా కోపం చల్లారలేదు. ఆ పేరును ఒకరు మార్చబోవడం అది రెండోసారి మరి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన ఆటో నడిపేవారు, నేను జాకెట్లు కుట్టేదాన్ని. కూతురికి చనిపోయిన మా అత్తగారి పేరే పెట్టుకున్నాం. మూడో తరగతిలో ఇచ్చిన మార్కుల కార్డు మీద చూద్దును కదా, ఎలీనా అని ఉంది! ఒళ్లు మండి బడికి పరుగెత్తి టీచరమ్మను నిలదీశాను.

"ఎవల్నడిగి మార్చిన్రు మా పిల్ల పేరు?"

"మీ అమ్మాయే బతిమాలిందండీ. పిల్లలంతా ఎల్లో, ఎల్లో అని ఏడిపిస్తున్నారట."

పేరైతే పెట్టాను గాని, ఆ పేరుగల మనిషి ఎవరో పిల్లకు ఒక్కనాడైనా చెప్పానా? టీచరమ్మ మీద కోపం పోలేదు, నా మీద అంతకు రెట్టింపైంది.

ఆ వారమే ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వంటావార్పు పెడితే పిల్లను తీసుకుని వెళ్లాను. మా ఊరి నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో ఉంటున్న ఒక ముసలమ్మ అక్కడ కూరగాయలు తరుగుతూ కనిపించింది. పేరేందని అడిగితే పిల్ల ఎలీనా అంది. నేను ఉండబట్టలేక అసలు పేరు, అది మా అత్తగారిదేనని చెప్పేశాను. ముసలమ్మ కత్తిపీట పక్కకు నెట్టింది.

"మంత్రసాని ఎల్లమ్మ మనుమరాలివా బిడ్డా? వాగు పొంగితే మెడలోతు నీళ్లల్ల నడిచొచ్చి నాకు కాన్పు చేసింది మీ నాయనమ్మ. అగో, అన్నం వడ్డిస్తుండు సూడు, అప్పుడు పుట్టింది గా కొడుకే."

ఆరడుగుల ఆ మనిషి సంగతి విని వచ్చి, పిల్ల ముందు వంగి విస్తరిలో అన్నం పెడుతూ "తిను ఎల్లమ్మా" అన్నాడు. పిల్ల అతని ముఖంకేసే చూస్తూ తింది.

ఉద్యమం బంద్ అయిపోయి బడి తెరిచిన రోజు తనే టీచరమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. "టీచర్, నా పేరు ఎల్లమ్మ. మా నాయనమ్మ పేరు." టీచరమ్మ ఎలీనాను కొట్టేసి ఎల్లమ్మ అని రాసింది. ఏడిపించేవాళ్లు ఏడిపిస్తూనే ఉన్నారు; మా అమ్మాయి వాళ్లకు వాగు సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

మన మాటకు, మన మనుషులకు సిగ్గుపడొద్దనే కదా ఆనాడు అంతమందిమి రోడ్డు మీద కూర్చున్నది. రాష్ట్రం వచ్చింది, మన యాసకు మర్యాదా వచ్చింది. కానీ ఇప్పుడు సాయంత్రం మా గల్లీలో తల్లులు ఆడుకునే పిల్లల్ని కేకేస్తుంటే చెవొగ్గి వింటాను. ఒక్క పిలుపులోనూ ఎవరి నాయనమ్మా వినిపించదు.