వందో నంబరు పడిగె

1986 జూన్ మొదటి వారంలో, మా యూనివర్సిటీ పాల్వంచ దగ్గర నడిపే ఆర్ట్ గ్యాలరీకి నన్ను క్యూరేటర్‌గా వేశారు. క్యూరేటర్ అంటే సేకరించిన వస్తువులకు కాపలా ఉండి, వాటి వివరం రాసిపెట్టి, వచ్చినవాళ్లకు వాటి సంగతి చెప్పే ఉద్యోగి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఖమ్మం పిల్లను, నోరు జాస్తి, ఓపిక తక్కువ. ఆర్డరు చూసి మా అమ్మ, "అడవిల బొమ్మలు ఎవరు జూస్తరే?" అంది. చూపిస్తే ఎందుకు చూడరని మొండిగా బస్సెక్కాను.

గ్యాలరీ అంటే పాత ఎరువుల గోదాము. సున్నం కొట్టి, కిటికీలు పెట్టి, దానికి ఆ పేరు పెట్టారు. టికెట్టు లేదు, అమ్మకం లేదు, లాభం అన్న మాటే లేదు. జీతం తీసుకునేది నేనూ వాచ్‌మనూ మాత్రమే. మమ్మల్ని నడిపేది గౌరవ సభ్యుల బోర్డు. గౌరవ సభ్యులంటే జీతం లేని సభ్యులు. మావాళ్లకు బస్సు కిరాయి కూడా లేదు, మీటింగులో చాయ్ కూడా వంతులేసుకుని వాళ్లే పోయించేవాళ్లు. ఏ వస్తువు తీసుకోవాలో, ఎక్కడ చూపాలో బోర్డు తీర్మానం చేస్తే నేను అమలు చేయాలి.

మొత్తం ఆరు కుర్చీలు. ఆరోది స్థానిక కళలు తెలిసిన మనిషితో బోర్డే నింపుకోవచ్చు, కానీ ఎవరిని కూర్చోబెట్టాలో తేలక ఖాళీగా వదిలేశారు. ముగ్గురు కూర్చుంటే కోరం, తీర్మానం చెల్లుతుంది. ఎప్పుడూ వచ్చే ముగ్గురూ వాళ్లే. అధ్యక్షురాలు సుభద్రమ్మ గారు, ఖమ్మంలో ఆడపిల్లల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, నియమావళి పుస్తకం సంచిలో లేకుండా గడప దాటరు. ఇల్లందు ఖాదర్ సాబ్‌ది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. రాజేశ్వర్‌రావు గారు థర్మల్ స్టేషన్ ఇంజనీరు, షిఫ్టు దిగి హెల్మెట్ చంకలో పెట్టుకుని నేరుగా వచ్చేవారు. మిగతా ఇద్దరివీ సంతకాలే నేను చూశాను, మొహాలు చూడలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో అడవి ఊళ్ల గుడ్డ పనితో ఒక ప్రదర్శన పెట్టాలని బోర్డు తీర్మానించింది. అప్పుడే ఖాదర్ సాబ్ ఒక పడిగె తెప్పించారు. పడిగె అంటే కోయల్లో ఒక ఇంటిపేరు వాళ్ల వేల్పు కథ చెప్పే పొడుగాటి ఎర్ర గుడ్డ. ఒక కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని మీద రంగు గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టిన మనుషులు, పులులు, చెట్లు ఉంటాయి. ఏడాదంతా చుట్టిపెట్టి, వేల్పు కొలుపు నాడే విప్పుతారు. పర్ణశాల అవతల అడవి అంచు ఊరి పూనెం లచ్చయ్య దాన్ని కాపాడే మనిషి. ఆ వైపు సంతల్లో ఫ్రేములు అమ్మిన ఖాదర్ సాబ్‌కు ఇరవై ఏళ్ల దోస్తు. అన్నదమ్ములు వద్దన్నా, సాబ్ జబాన్ మీద, ఇచ్చిన మాట మీద నమ్మకంతో ఇచ్చాడు. ఇప్పపూలు రాలే రోజుల్లో కొలుపు, ఆలోగా తిరిగివ్వాలన్నది ఒక్కటే షరతు.

దాన్ని బల్ల మీద పరిచిన రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ఏం ఎరుపు! ఏం కుట్టు! సూది పట్టిన చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆ సంబరంలోనే తప్పు చేశాను.

గ్యాలరీలో రెండు రిజిస్టర్లు ఉంటాయి. అడిగి తెచ్చుకున్న వస్తువులకు లోన్ రిజిస్టర్. గ్యాలరీ సొంతమైన వస్తువులకు అక్సెషన్ రిజిస్టర్. రెండోదాంట్లో నంబరు పడితే ఆ వస్తువు యూనివర్సిటీ ఆస్తి. యూనివర్సిటీ పాలకమండలి సిండికేట్ ఒప్పుకుంటే తప్ప ఎవరికీ తిరిగివ్వడానికి లేదు. మా సొంత వస్తువులు అప్పటికి తొంభై తొమ్మిది. వందోది మామూలు కుండో గంపో కాకూడదని నాకు పిచ్చి మోజు. ఇంత మంచిది ఇచ్చినవాళ్లు అడిగితే ఉండనివ్వరా అని నాకు నేనే చెప్పుకుని, పడిగెకు వందో నంబరు వేసేశాను. నెలాఖరు నకలు రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయింది. మన ఇంటి సొమ్మైనట్టు!

ప్రదర్శన అదిరిపోయింది. కాలనీల నుంచి, బొగ్గుబావుల నుంచి జనం షిఫ్టులవారీగా వచ్చారు. నేను ఉబ్బితబ్బిబ్బై తిరిగాను. మార్చి నెలలో ఒక శుక్రవారం పొద్దున లచ్చయ్య వచ్చాడు. సోమవారం కొలుపు, పడిగె ఇయ్యుండ్రి అన్నాడు. సంతకం తీసుకుందామని రిజిస్టరు తెరిస్తే వందో నంబరు నా మొహాన కొట్టినట్టు కనపడింది.

రిజిస్ట్రార్ ఆఫీసుకు ట్రంకాల్ చేశాను. సిండికేట్ మళ్లీ జూన్‌లో కూర్చుంటుంది, అప్పటిదాకా కదిలించడానికి లేదని గుమాస్తా చెప్పాడు. ఆ మాట లచ్చయ్యకు చెప్పక తప్పలేదు. ఆయన కోపం చెయ్యలేదు. "మేడం, పడిగె లేకుంటే కథ జెప్పరు. ఈ ఏడు వచ్చిన కోడండ్లకు, పుట్టిన పోరగాండ్లకు మా వేల్పు ఎవరో ఎవరు జెప్పాలె? నా చేతులకెల్లి పోయిందంటే, కాపాడే పని గూడ నాది కాదు ఇగ" అన్నాడు. వరండాలో కూర్చుని, తీసుకునే పోతానన్నాడు.

శనివారం పొద్దున అత్యవసర మీటింగు. ఖాదర్ సాబ్ వచ్చీ రాగానే పడిగె సంచిలో పెట్టమన్నారు. "ఇచ్చిన జబాన్ ముందు మీ రిజిస్టర్ ఏంది?" అని లేచారు. సుభద్రమ్మ గారు ఒక్క చూపుతో ఆయన్ని కూర్చోబెట్టి, నా వైపు తిరిగారు. వంద మీద అంత మోజుంటే నీ ఇంట్లో చీర మీద వేసుకోవలసింది అమ్మా అన్నారు. తలకాయ తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తరువాత పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక్కొక్క నిబంధనా చదివారు. గంట గడిచింది. రాజేశ్వర్‌రావు గారు హఠాత్తుగా, "ఆగండి, అది మళ్లొకసారి చదవండి" అన్నారు. ఆ నిబంధన ప్రకారం గ్యాలరీ వస్తువును బోర్డు తీర్మానంతో వేరేచోట ప్రదర్శించవచ్చు. పోయివచ్చేదాకా అది ఒక సభ్యుడి చేతిలోనే ఉండాలి. అంతే! సోమవారం లచ్చయ్య ఊళ్లో మా గ్యాలరీ ఒకరోజు ప్రదర్శన. తిరిగి తెచ్చే తేదీతో సహా తీర్మానం అక్కడికక్కడే రాసి, సంతోషంగా ముగ్గురి సంతకాలూ తీసుకున్నాను.

సోమవారం తెల్లవారి బస్సుకే ముగ్గురు సభ్యులు, నేను, లచ్చయ్య బయలుదేరాం. భద్రాచలం నుంచి ఇంకో బస్సు, తరువాత నడక. పడిగె ఖాదర్ సాబ్ చేతుల్లో పసిపిల్లలా ఉంది. సుభద్రమ్మ గారు చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని వాగు దాటారు. పొద్దు నెత్తి మీదికి రాకముందే పడిగె ఊళ్లోకి చేరాలన్నది అక్కడి కట్టు. ఇంకో గంట టైం ఉండగా పొలిమేర చేరాం. హమ్మయ్య అనుకున్నాను.

పొలిమేరలో లచ్చయ్య అన్నదమ్ములు డోళ్లతో నిలబడి ఉన్నారు. సాబ్ ముందడుగు వేయబోతే పెద్దన్న చెయ్యి అడ్డం పెట్టాడు. పడిగెను కాపాడే మనిషే ఊళ్లోకి తేవాలి, బయటివాళ్లు పట్టుకుంటే పొలిమేర దాటదు. సాబ్ వెంటనే లచ్చయ్య చేతికి ఇవ్వబోయారు. సుభద్రమ్మ గారు "ఆగండి సాబ్!" అన్నారు. సభ్యుడి చేతిలోనే ఉండాలని శనివారం రాసుకున్నాం, ఆ సంతకం మన ముగ్గురిదీ. అన్నదమ్ములు గొణిగారు. డోళ్లు ఆగిపోయాయి. పొద్దు పైకి జరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

అప్పుడు సుభద్రమ్మ గారు నన్ను, మన బోర్డులో కుర్చీలెన్ని అని అడిగారు. ఆరు అన్నాను. నిండినవెన్ని అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆమె ఇప్పచెట్టు కింద రాలిన పూలు పక్కకు జరిపి కింద కూర్చున్నారు. మిగతా ఇద్దరూ అర్థమై పక్కన చతికిలపడ్డారు. కోరం నిండింది. స్థానిక కళలు తెలిసిన సభ్యుడిగా పూనెం లచ్చయ్యను చేర్చుకుంటూ, వస్తువును ఆయనకు అప్పగిస్తూ తీర్మానం నా నోట్‌బుక్కులో రాశాను. లచ్చయ్యను సంతకం పెట్టమంటే ముందు చదవమన్నాడు. చదివాను. "సభ్యుడంటే ఏం జెయ్యాలె?" అని అడిగాడు. వస్తువుకు జవాబుదారీగా ఉండాలి, జీతం మాత్రం లేదని సుభద్రమ్మ గారు చెప్పారు.

లచ్చయ్య పకపకా నవ్వాడు. "గా పని మా తాత కాడి నుంచి జేస్తున్నం అమ్మా. జీతం అప్పుడు గూడ లేదు" అని, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. సాబ్ పడిగె ఆయన చేతిలో పెట్టారు. డోళ్లు ఒక్కసారి మోగాయి. ఊళ్లోకి పరుగే పరుగు! రాజేశ్వర్‌రావు గారి చెప్పు ఒకటి దారిలోనే పోయింది.

నేను గోడకు అడ్డంగా పరిచి చూపిన గుడ్డను అక్కడ వెదురు కర్రకు కట్టి నిలబెట్టారు. కథ చెప్పే మనిషి ఒక్కొక్క బొమ్మ మీద పుల్ల పెట్టి కోయ మాటల్లో పాడుతుంటే, లచ్చయ్య మాకు అర్థం చెప్పాడు. "వేటగాడు" అని నేను లేబులు రాసిన బొమ్మ వాళ్ల మూలపురుషుడట, ఆయన చేతిలో ఉన్నది విల్లు కాదు, డోలు. కొత్త కోడళ్లు ముందు వరుసలో కూర్చుని విన్నారు. నేను రాసిన లేబుళ్లలో నాలుగు తప్పులు తేలాయి. సిగ్గు వేసింది, సంతోషమూ వేసింది.

తీర్మానంలో రాసిన తేదీకి లచ్చయ్య పడిగె తీసుకుని బస్సులో వచ్చాడు. ఇవ్వకుండా ఉంచేసుకోవచ్చు కదా అని వాచ్‌మన్ అడిగితే, సంతకం పెట్టిన గదా అన్నాడట. జూన్‌లో సిండికేట్ ఆ నమోదు కొట్టేసింది, పడిగె ఊరికి చేరింది. నాకు మెమో వచ్చింది, అందులో అన్యాయమేమీ లేదు. అక్సెషన్ రిజిస్టర్‌లో వంద దగ్గర ఎర్రగీత ఉంది. ఆ నంబరు మళ్లీ దేనికీ వేయలేదు.

లచ్చయ్య పదకొండేళ్లు సభ్యుడిగా ఉన్నాడు, ఒక్క మీటింగు తప్పలేదు. ఏ కొత్త వస్తువు బల్ల మీదికొచ్చినా మొదటి ప్రశ్న ఆయనదే: "గిది ఇంటికి ఎప్పుడు పోవాలె?" ఆయన వచ్చిన రెండో మీటింగులోనే సుభద్రమ్మ గారు ఆ ప్రశ్నను మా ఫారంలో ఒక గడిగా చేర్పించారు. నేను రిటైరయ్యే దాకా ఆ గడి నింపకుండా ఏ వస్తువుకూ నంబరు వేయలేదు.