మెక్సికోలో చదివొచ్చిన మా రూతు, లివర్‌లో చీముగడ్డ

1983 ఆగస్టు నెల రెండో ఆదివారం, పొద్దున పదకొండుంపావుకి, మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆరాధన జరుగుతుండగా మా అమ్మాయి రూతు కుడి డొక్క పట్టుకుని కుర్చీలో కూలబడింది. టైము ఇంత సరిగ్గా ఎలా చెప్తున్నానంటే, పొయ్యి మీద కూర పెట్టి వచ్చాను. ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం వంకే చూస్తున్నాను.

అప్పటికి రూతుకి పదిహేడేళ్ళు. మెక్సికో నుంచి వచ్చి రెండు వారాలు కాలేదు. ఇక్కడి హైస్కూళ్ళలో ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. పిల్లల్ని ఏడాదిపాటు వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉంచి అక్కడి బడిలో చదివిస్తారు. రూతు స్పానిష్ క్లాసులో ముందుండేది కాబట్టి టీచరు దాని పేరు పంపించింది. మా ఆయన దేవదానం గారు ఒప్పుకోలేదు. "ఎదిగిన పిల్లని ముక్కూ మొహం తెలియనోళ్ళింట్లో ఏడాది ఉంచుతామా, సువార్తా? నీకు మతుండే మాట్లాడుతున్నావా?" అన్నారు. పంపమని పట్టుబట్టింది నేనే. నేను బడి గడప తొక్కలేదు. చదువుకుంటానన్న పిల్లకి అడ్డం పడడం నా వల్ల కాదన్నాను. ఆయన ఇంజనీరు, ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర చాలా మాటలున్నాయి. నా దగ్గర ఒక్కటే ఉంది, అదే తిప్పి తిప్పి చెప్పాను. చివరికి పంపాం. అందుకని ఆ ఆదివారం అది కూలబడ్డప్పుడు అందరూ దాని వంక చూశారు, మా ఆయన మాత్రం నా వంక చూశారు.

దాని వాలకం అప్పటికే మా వాళ్ళకి కొత్తగా ఉంది. వచ్చిన మొదటి ఆదివారం పాస్టర్ ప్రకాశం గారు షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే, ఆ చెయ్యి పట్టుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. పెద్దవాళ్ళని పలకరించడం అక్కడ అలాగేనట. పాస్టర్ గారి చేతిలో బైబిలు జారి కింద పడింది. "ప్రభువా!" అంది వెనక నుంచి సరోజమ్మ. మా చర్చిలో ఏం జరిగినా ముందు నోరు తెరిచేది సరోజమ్మే.

మనిషి సన్నబడి వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, కుడి భుజం లాగుతోందనేది. ఊరు మారింది, నీళ్ళు మారాయి, సర్దుకుంటుందిలే అనుకున్నాం. కూలబడ్డ మర్నాడు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "వైరల్" అన్నాడు, జ్వరం మాత్ర టైలెనాల్ ఇచ్చాడు. వారం తిరిగేసరికి తిన్నది తిన్నట్టు కక్కడం మొదలుపెట్టింది. పొట్ట పైభాగం ఉబ్బింది.

సరోజమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "వదినా, తప్పుగా అనుకోమాక. పిల్ల నెల తప్పిందేమో కనుక్కో."

"తప్పుగానే అనుకున్నాను సరోజమ్మా. కాఫీ తాగి ఇంటికెళ్ళు," అన్నాను.

అలా అన్నానే గానీ, ఆమె వెళ్ళాక నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. మర్నాడు జ్వరం నూట మూడు దాటింది, మా ఆయన కారు తీశారు. ఎమర్జెన్సీలో వాళ్ళు మొదట చేసింది ప్రెగ్నెన్సీ టెస్టే. నెగటివ్. హాస్పిటల్ లాబీలోంచి సరోజమ్మకి ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి పెట్టేశాను. తర్వాత బ్లడ్ టెస్టులు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్. సాయంత్రం సర్జన్ డాక్టర్ కెల్లర్ వచ్చాడు. పెద్ద మనిషి, పొడుగాటివాడు, మాట్లాడేటప్పుడు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంటాడు. ఆయన చెప్పింది విని మా ఆయన గోడకి ఆనుకున్నారు.

"ఏమంటున్నాడండీ?"

"లివర్‌లో మాస్ ఉందంట."

"మాసంటే?"

"మాసే."

"మీరు ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే చెప్తే నాకేం అర్థమవుద్ది?"

"గడ్డ," అన్నారు. "ట్యూమర్ అయినా కావచ్చు, చీము పట్టిన ఆబ్సెస్ అయినా కావచ్చంట. గురువారం పొట్ట తెరిచి చూస్తామంటున్నాడు."

ట్యూమర్ అంటే ఏంటో నాకు ఆయన చెప్పక్కర్లేదు. అంతకు ముందేడు మా చర్చిలో ఒకావిడ దానితోనే పోయింది.

మన వాళ్ళలో ఒకరు హాస్పిటల్లో పడితే మిగతావాళ్ళు ఇంట్లో కూర్చోరు. మొత్తం ఎనిమిది కుటుంబాలు, అందరూ వచ్చారు. టిఫిన్ క్యారియర్లు, ఫ్లాస్కులు, పిల్లలు. రోగి దగ్గర ఇద్దరికి మించి ఉండకూడదని రూలు. ప్రతివాళ్ళూ అంకుల్‌నని, ఆంటీనని చెప్పి లోపలికొచ్చేశారు. "ఈ అమ్మాయికి అసలు ఎంతమంది అంకుల్స్?" అని నర్స్ డోరతీ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. "దేవుడు ఇచ్చినంతమంది," అన్నారు పాస్టర్ గారు. ఆవిడ నవ్వి ఇంకో రెండు కుర్చీలు తెచ్చింది. వాళ్ళంతా ప్రేమతోనే వచ్చారు. దాన్ని తక్కువ చేసి నేను రాయను.

కానీ డాక్టర్ కెల్లర్ ప్రశ్నలడిగింది ఆ గుంపు మధ్యలోనే. మెక్సికోలో విరేచనాలయ్యాయా? "నో," అంది రూతు. రక్తం పడిందా? "నో." ఏ నీళ్ళు తాగేదానివి? "బాటిల్ వాటర్." మంచం కాళ్ళ దగ్గర తండ్రి, తల దగ్గర పాస్టర్ గారు, కిటికీ పక్కన సరోజమ్మ. మన ఇళ్ళల్లో ఆడపిల్ల పాస్టర్ గారి ముందు విరేచనాల మాట ఎత్తుతుందా? డాక్టరు రాసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. డాక్టర్ రివేరా. స్పానిష్ మాట్లాడే పోర్టోరికో దీవి నుంచి వచ్చి అక్కడ ట్రైనింగ్‌లో ఉంది. మర్నాటి సర్జరీకి పిల్లని సిద్ధం చేయడం ఆవిడ పని. కాగితాలు తిరగేస్తూ ఏడాది మెక్సికోలో ఉందని చూసి, తలెత్తి స్పానిష్‌లో ఏదో అంది.

రూతు మొహం చూడాలి మీరు. వారం నుంచి పీక్కుపోయి ఉన్న మొహం విచ్చుకుంది. గబగబా జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వారు. మేం పన్నెండు మంది చుట్టూ నిలబడి గుడ్లప్పగించి చూస్తున్నాం. కాసేపటికి రూతు నవ్వు ఆగింది, గొంతు తగ్గింది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఏదో చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"ఏమంటుంది వదినా?" అంది సరోజమ్మ.

"నాకేం తెలుసు? నాకు ఇంగ్లీషే రాదు."

డాక్టర్ రివేరా మా వైపు తిరిగి అందర్నీ బయటికి వెళ్ళమంది.

"ఐ యామ్ ది ఫాదర్," అన్నారు మా ఆయన.

"ఫాదర్ ఫస్ట్," అని తలుపు చూపించింది.

అరగంట తర్వాత బయటికొచ్చి, తల్లిదండ్రులకి చెప్పమని రూతు ఒప్పుకుందంటూ మా ఇద్దర్నీ పక్కకి పిలిచింది. ఆవిడ చెప్పింది మా ఆయన నాకు తెలుగులో చెప్పారు. మెక్సికోలో ఉండగా, వేసవి మొదట్లో, పిల్లకి వారాల తరబడి రక్తవిరేచనాలయ్యాయి. అది ఉన్న ఇంటి తల్లి దోన్యా మెర్సేదెస్, దోన్యా అంటే మన 'గారు' లాంటిది, వాళ్ళ ఊరి డాక్టరుకి చూపించింది. మాత్రలిచ్చాడు. కాస్త తగ్గగానే ఇది మానేసింది. "పేగుల్లో ఉన్న అమీబా అనే క్రిమి రక్తంలోంచి లివర్‌కి చేరుతుంది. అమీబిక్ లివర్ ఆబ్సెస్ అని నా అనుమానం. అదే అయితే కత్తి అవసరం లేదు," అంది. ఆవిడే వెళ్ళి డాక్టర్ కెల్లర్‌తో మాట్లాడింది. ఆయన ఏ పట్టుదలకీ పోకుండా సర్జరీ ఆపేశాడు. ఇంకో బ్లడ్ టెస్టు పంపించి, రిజల్ట్ కోసం ఆగకుండా ఆ సాయంత్రమే ఫ్లాజిల్ అనే అమీబా మందు మొదలుపెట్టారు.

అందరూ వెళ్ళాక దాన్ని అడిగాను. "నాకన్నా చెప్పలేకపోయావటే?"

"నువ్వు మమా మెర్సేదెస్‌ని తిడతావు కదా అమ్మా. చర్చ్ అందరూ తిడతారు. ఆమె ఇంట్లో వాటర్ బ్యాడ్ అంటారు. నేను ఎక్కడెక్కడో తిన్నాను, స్ట్రీట్‌లో, ఫ్రెండ్స్‌తో. ఆమె తప్పు లేదు. నేను బాత్రూమ్‌కి నడవలేకపోయాను అమ్మా. నా బకెట్ ఆమె క్లీన్ చేసింది. ఎవ్రీ డే."

నా కూతురి మలం ఎత్తిపోసిన మనిషి మొహం నేను చూడలేదు. ఆమెని తిడతానని ఈ పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకుంది. నిజం చెప్పాలంటే, తిట్టేదాన్నే.

మందుతో మూడు రోజులు నెమ్మదించింది. టెస్టు కూడా అమీబా అనే వచ్చింది. ఇక గండం గడిచిందనుకుంటుండగా జ్వరం మళ్ళీ ఎగిరింది. ఊపిరి పీలిస్తే పొడిచినట్టుందని పైపైన పీల్చేది. మళ్ళీ అల్ట్రాసౌండ్ తీసి డాక్టర్ కెల్లర్ మమ్మల్ని కూర్చోబెట్టాడు. గడ్డ పెరిగింది, పొట్టకీ ఛాతీకీ మధ్య పొర అయిన డయాఫ్రమ్‌కి ఆనుకుని ఉంది, పగిలితే లంగ్‌లోకి గానీ గుండె దగ్గరికి గానీ పోతుందన్నాడు. "మేం ఆగలేం. నీడిల్ పెట్టి చీము తీసేస్తాం," అన్నాడు.

నేను మా ఆయన్ని మెర్సేదెస్‌కి ఫోన్ కలపమన్నాను. వాళ్ళింట్లో ఫోన్ లేదు, ఎదురు కొట్లో ఉంది. ఆ కొట్టు నంబరు రూతుకి కంఠతా వచ్చు. ఆమె పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసం ఇటు వినపడింది. రూతు రెండు ముక్కలు చెప్పి నాకిచ్చింది. నాకు ఆమె భాష రాదు, ఆమెకి నాది రాదు. నేను తెలుగులోనే "అమ్మా, నా బిడ్డని చూసుకున్నావు, నీ రుణం తీర్చుకోలేను," అన్నాను. అటు ఆమె ఏడుస్తూ ప్రార్థన మొదలుపెట్టింది. "మరియా" అన్న మాట ఒక్కటి తెలిసింది.

"వాళ్ళు మరియమ్మకి మొక్కుతారు కదా వదినా, మనం మొక్కం," అంది సరోజమ్మ మెల్లగా.

"మొక్కనీ. వినేవాడు వింటాడు."

సూదితో తీసింది సీసా నిండా వచ్చింది. చిక్కటి చింతపండు గుజ్జు రంగు. డాక్టర్ రివేరా దాన్ని నాకు చూపించి "గుడ్, వెరీ గుడ్," అంది. మర్నాటికి జ్వరం దిగింది. రూతు నిండుగా ఊపిరి పీల్చింది. ఆ చప్పుడు నేను మంచం పక్కన నిలబడి విన్నాను.

ఇంటికొచ్చాక కూడా మాత్రలు వాడాలి. ఫ్లాజిల్‌తో నోరంతా ఇనప రుచి. ఆవకాయ వేసినా ఇనుమే అనేది. అవి అయ్యాక పేగుల్లో మిగిలినవాటికి ఇంకో మందు ఇచ్చారు. ఇంట్లో అందరూ స్టూల్ టెస్ట్, అంటే మల పరీక్ష, చేయించుకోవాలన్నారు. మా ఆయన ఆ డబ్బాల్ని లంచ్ బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి పోయే దారిలో ల్యాబులో ఇవ్వడానికి బయల్దేరారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, అన్నం డబ్బా వేరే సంచిలో పెట్టమన్నారు.

మంచం మీద ఉన్న ఆ నెలలోనే అది మెక్సికో సంగతులు చెప్పింది. వెళ్ళిన కొత్తలో బడిలో ఒక్క ముక్క అర్థంకాక స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చేదట. మెర్సేదెస్ ఇంట్లో ఉండే ముసలమ్మ పక్కన పడుకునేదట. ఆ ముసలమ్మ దీపం ఆర్పాక ఒక్కో వస్తువు పేరు చెప్పి దానిచేత పలికించేదట. తెల్లారక ముందే మెర్సేదెస్ మొక్కజొన్న పిండి రొట్టెలు తట్టే చప్పుడుకి లేచేదట. పచ్చిమిరపకాయ కొరికి తిన్న రోజు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టి, ఈమె మన పిల్లే అన్నారట. చనిపోయినవాళ్ళ పండగకి ఇంట్లో పూలు పరిచి, మా అత్తగారి పేరు చెప్పి కూడా ఒక పళ్ళెం పెట్టారట. అది విన్నప్పుడు మా విశ్వాసానికి సరిపడదే అనుకున్నాను. కానీ మా అత్తగారు పోయాక ఆమెకి ఎవరైనా పళ్ళెం పెట్టింది అదొక్కసారే.

పదహారేళ్ళ పిల్ల పరాయి భాషని అలా ఒక్కో మాటా పట్టుకుని నేర్చుకుంటే, నా భాష అక్షరాలు నాకెందుకు రావు అనిపించింది. ఆ చలికాలంలో సరోజమ్మ దగ్గర కూర్చుని "అ" దిద్దాను. నాకు నలభై ఆరేళ్ళు. ఆమె బాగా తిట్టేది, బాగా నేర్పింది.

ఇప్పుడు నేను కాలిఫోర్నియా రాష్ట్రం డబ్లిన్‌లో రూతు దగ్గరే ఉంటున్నాను. మా ఆయన పోయారు. రూతు హాస్పిటల్లో స్పానిష్ ఇంటర్‌ప్రెటర్. దాని లివర్ బాగానే ఉంది. మెర్సేదెస్ బతికున్నన్నాళ్ళూ ఏటా వెళ్ళి చూసొచ్చేది. నేనూ ఒకసారి వెళ్ళాను. ఆమె నా బుగ్గ మీద ముద్దు పెడితే నేనూ పెట్టాను.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డాక్టరు రోగిని ప్రశ్నలడిగేటప్పుడు గదిలోంచి బయటికి నడవండి. మీరు తల్లయినా సరే, తండ్రయినా సరే, పాస్టరైనా సరే. ఎదిగిన పిల్లలయితే మరీను. చూడ్డానికి వెళ్ళండి, అన్నం తీసుకెళ్ళండి, ప్రార్థన చేయండి. ఆ కాసేపు మాత్రం తలుపు అవతల నిలబడండి.

సూది పెట్టిన ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళు: డాక్టర్ కెల్లర్, డాక్టర్ రివేరా, నర్స్ డోరతీ, మా రూతు. మెక్సికోలో ఎదురు కొట్లో, కబురు కోసం ఫోన్ దగ్గరే కూర్చుండిపోయిన దోన్యా మెర్సేదెస్. తలుపు బయట దేవదానం గారు, పాస్టర్ ప్రకాశం గారు, సరోజమ్మ, నేను.